కొన్నదా, కిరాయిదా?

గోరంతను కొండంత చేయడం నా అలవాటని ముందే ఒప్పుకుంటున్నాను.

ఎల్లారెడ్డిలో మా ఇంట్లో కార్ల పందెం గేము ఆడితే, బీడీలు చుట్టే వేళ్లతో మా అవ్వ, అంటే కన్నతల్లి, నన్ను వెయ్యిసార్లు ఓడించింది. ఒక్కసారైనా గెలవాలని పట్టుబట్టాను. ఇంతలో ఆ గేము చేసిన కంపెనీ, నెట్టులో దాన్ని నడిపే సర్వర్‌ను ఆపేసింది. డిస్కు చేతిలోనే ఉన్నా గేము తెరుచుకోలేదు.

"కొన్నవా, కిరాయికి తెచ్చినవా?" అంది అవ్వ.

"కొన్ననే అవ్వా!"

"మరి అమ్మినోడే మల్ల గుంజుకపోవుడేందిరా?"

మర్నాడే కామారెడ్డి బస్సెక్కాను. అరవై దుకాణాల్లో ఒకటే అడిగాను: "నెట్టు లేకున్నా నడిచే గేమున్నదా?" చివరికి దుమ్ముపట్టిన పాత డిస్కు దొరికింది. ఇకమీదట అలాంటివే కొంటాను, గెలిచేదాకా ఆడతాను.

అరవై దుకాణాలు కల్పించాను, తిరిగింది రెండే. ఓటములు మాత్రం నిజం. పాత డిస్కులోనూ ఆవిడే ముందుంది.