పెద్ద గేములో మా గోడ

మా నాన్న లెక్కల మాస్టారు. గంపలగూడెం వైపు బళ్లలో కొన్నాళ్లు, తిరువూరులో కొన్నాళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయనతో బజారుకు వెళ్లడమంత విసుగు పని ఇంకొకటి లేదు. పది అడుగులకొకరు బండి ఆపి "నమస్కారం మాస్టారూ" అంటారు. ఆయన వాళ్ల పేర్లు మరిచిపోతాడు గాని ఎవరు ఏ లెక్క దగ్గర బోల్తా పడేవాళ్లో మరిచిపోడు. నడివయసు మనిషిని పట్టుకుని, పెళ్లాం పిల్లల ముందే, "భిన్నాలు ఇప్పుడైనా వచ్చాయా?" అని అడుగుతాడు. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

పలకరింపులు అయ్యాక రెండో ప్రశ్న నా గురించే వస్తుంది. "అమ్మాయి హైదరాబాదులో ఏం చేస్తోందండీ?" దానికి ఆయన జవాబు ఏళ్లుగా ఒకటే: "కంప్యూటర్లు." అక్కడితో ఆగిపోతాడు. కంప్యూటర్లు అమ్ముతున్నానా, బాగుచేస్తున్నానా, వాటి మీద దుమ్ము తుడుస్తున్నానా అన్నది వినేవాళ్ల ఊహకు వదిలేస్తాడు.

నేను చేసేది వీడియో గేములు. నేనొక్కదాన్నే కాదులెండి, మా స్టూడియోలో అందరం కలిసి చేస్తాం. ఆ మాట ఆయన నోటి వెంట రాదు. ఎలా వస్తుంది? సర్వీసు చివరి రోజుల్లో ఆయన వెనక బెంచీల మీదికి దాడికి వెళ్లి, పుస్తకాల మధ్య పెట్టుకుని గేములాడుతున్న పిల్లల ఫోన్లు లాక్కునేవాడు. ఊళ్లో ఎంతోమంది పిల్లల్ని ఆ జబ్బు నుంచి కాపాడానని ఆయనకు గర్వం. తీరా చూస్తే ఆ జబ్బు తయారయ్యే చోట సొంత కూతురికి ఉద్యోగం.

నాకు కోపం త్వరగా వస్తుంది. అది మా అమ్మ పోలిక. "కంప్యూటర్లు" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నేను కోరింది పెద్దదేమీ కాదు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనుషుల ముందు, మా నాన్న ఒక్కసారి "మా అమ్మాయి గేములు చేస్తుంది" అనాలి. తల వంచుకోకుండా అనాలి. జీతం పెంచమని మా ఆఫీసులో అడిగినప్పుడు కూడా నేను ఇంత గట్టిగా కోరుకోలేదు.

అయితే ఆయన చెప్పకపోవడంలో నా పాత్ర కూడా కొంత ఉంది. మూడేళ్ల పాటు నేను ఏ గేము మీద పనిచేస్తున్నానో ఇంట్లో కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. పెద్ద గేములకు అది మామూలే. విడుదలకు ముందు చిన్న బొమ్మ బయటికి పొక్కినా గోలగోల అవుతుంది. చెప్పుకోవడానికి వీల్లేని ఉద్యోగం ఏం ఉద్యోగమో మా నాన్నకు అంతుపట్టలేదు. పోలీసులు వస్తారేమోనని అమ్మ ఒకసారి ఫోనులో మెల్లగా అడిగింది కూడా.

చివరికి గేము విడుదలైంది. పనిచేసినవాళ్లందరికీ స్టూడియో గేము డిస్కున్న డబ్బా ఒక్కోటి ఇచ్చింది. డబ్బా మీద వాన, వానలో పాత కోట, కోట ముందు కత్తి పట్టుకున్న మనిషి. దాన్ని బ్యాగులో బట్టల మధ్య పెట్టుకుని ఊరికి వచ్చాను. మా చర్చిలో కోత పండుగ ఆ ఆదివారమే.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర విషయం బయటపెట్టాను.

"ఇది మామూలు గేము కాదు నాన్నా. మా వాళ్ల లెక్కలో అన్నిటికన్నా పైమెట్టు. ట్రిపుల్ ఏ అంటారు."

గ్రేడు మాట వినగానే నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "మూడు 'ఏ'లా? ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వరు."

"యూనివర్సిటీ ఇచ్చిందా? గవర్నమెంటా?"

"ఎవరూ ఇవ్వరు నాన్నా. గేములు తీసే కంపెనీలే అలా అనుకుంటాయి, జనం కూడా అలాగే అంటారు."

"అంటే పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని, వాడే 'ఏ'లు వేసుకున్నాడన్నమాట" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో కేసు కొట్టేసినట్టే.

నేను ఊరుకునే రకం కాదు. "పెద్ద సినిమా అంటాం కదా, దానికి ఎవరైనా సర్టిఫికెట్ ఇచ్చారా?" అన్నాను. పోసిన డబ్బు, పట్టిన ఏళ్లు, పనిచేసిన మనుషులు, వెనకున్న కంపెనీ, ఊరూరా కట్టిన బ్యానర్లు, ఇవన్నీ చూసి పెద్దదంటాం. ఇదీ అంతే. ఒక దేశంలో కథ రాస్తారు, ఇంకో దేశంలో సంగీతం కడతారు, మా హైదరాబాదులో కొండలూ గోడలూ కడతాం. అన్నీ కలిసి ఒక్క ఆట అవుతుంది. విడుదల రోజు కోసం జనం నెలల ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తారు. చెబుతూ చెబుతూ నా గొంతు పెరిగిపోయిందని అమ్మ కళ్లతో సైగ చేసింది.

"అయితే పెద్దదంటే మంచిదనా?" అన్నాడు నాన్న.

"అదేం లేదు. ముగ్గురు స్నేహితులు ఒక గదిలో కూర్చుని చేసిన చిన్న గేము దీనికన్నా బాగుండొచ్చు. పెద్దవై ఉండి బోల్తా పడ్డవీ బోలెడు."

"సరే. ఇందులో నీదెంత?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "గోడలు" అన్నాను. "కోట గోడలు కొన్ని. వాటి మీద నాచు. కొన్ని మెట్లు."

"మూడేళ్లు, నాచా?"

"పప్పు వేసుకోండి" అంది అమ్మ మధ్యలో దూరి. ఆయన వేసుకున్నాడు గాని ఆ మొహం చూస్తే నాకు కన్నీళ్లొక్కటే తక్కువ.

భోజనం కాగానే పంతం పట్టి లాప్‌టాప్‌ను టీవీకి తగిలించాను. టీవీ మీది కుట్టుపని గుడ్డను అమ్మ మడిచి పక్కన పెట్టింది. అందులో ముందే వేసి ఉంచిన గేము మొదలవగానే లాప్‌టాప్ రొద పెట్టింది. పాపం వేడెక్కిపోతోందని అమ్మ సీలింగు ఫ్యాను ఐదు మీద పెట్టింది. నేను కత్తి మనిషిని పరుగెత్తించాను, గుర్రం ఎక్కించాను, కోట మీద వాలిన రాక్షస పక్షిని చూపించాను. నాన్న వార్తలు చూసే మొహంతోనే కూర్చున్నాడు. పక్షి నిప్పు కక్కినప్పుడు ఆవలించాడు కూడా.

ఆయన్ని మెప్పించాలని చూసి చూసి నా చేతులు నొప్పి పుట్టాయి. ఇంక లాభం లేదని కత్తి మనిషిని ఒక వసారాలో నిలబెట్టి నీళ్లు తాగుతున్నాను. అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచాడు. టీవీ దగ్గరికి వెళ్లి కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకున్నాడు.

"ఇది మన గోడ."

నేను గ్లాసు కింద పెట్టాను.

"స్నానాల గది వెనక గోడ. ఇదుగో, ఇది నేను దండెం కోసం కొట్టిన మేకు. వంకర పోయిందని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది."

నిజమే. రెండేళ్ల కిందట వానాకాలంలో సెలవు మీద వచ్చినప్పుడు, ఆ గోడను కడగొద్దని ఆయన్ని బతిమాలాను. ఎందుకో చెప్పడానికి వీల్లేదు. బ్లీచింగు పౌడరు, చీపురు పట్టుకుని సిద్ధంగా ఉన్న మనిషి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వారం రోజులు ఆగాడు. ఆ వారంలో పొద్దుటి ఎండలో, మబ్బులో, వాన వెలిసిన వెంటనే, ఆ గోడను అంగుళం అంగుళం ఫోటోలు తీశాను. ఆ ఫోటోలతోనే గేములో కోట గోడలు కట్టాం. మేకును చెరిపేద్దామని నేను అన్నాను. పాత కోటల్లోనూ మేకులుంటాయి, ఉండనీ అన్నాడు మా పైఅధికారి. అలా మా నాన్న వంకర మేకు పరాయి దేశపు రాజుగారి కోటలో ఉండిపోయింది.

"ఆ నీళ్ల గొట్టం కింద చూడు" అన్నాను. "నీళ్లు కారే చోట నాచు మందంగా ఉంటుంది. పైకి వెళ్లే కొద్దీ పలచబడి, ఎండ తగిలే చోట ఎండిపోయి నల్లబడుతుంది. చిన్న గేములో అయితే ఆకుపచ్చ రంగు పూసేసి ఊరుకుంటారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకు టైముండదు. ఇందులో ఆడేవాడు గుర్రం మీద ఈ గోడ పక్క నుంచి దూసుకుపోతాడు. చూడను కూడా చూడడు. అయినా సరిగ్గా ఉండాలి. దాన్ని పెద్ద గేమనేది అందుకే."

నాన్న చాలాసేపు నిలబడి చూశాడు. "స్టెప్పులన్నమాట" అన్నాడు తనలో తాను. జవాబు ఒక్కటే రాసి స్టెప్పులు రాయని పిల్లలకు ఆయన ఎప్పుడూ పూర్తి మార్కులు వేయలేదు. నాకు సంతోషం పొంగుకొచ్చింది. ఇంక గట్టెక్కాననుకున్నాను.

ఎక్కలేదు. సాయంత్రం, రేపటి కానుక మాట వచ్చింది. కోత పండుగకు మా చర్చిలో ఎవరి కష్టం మీద పండింది వాళ్లు తెస్తారు. పొలమున్నవాళ్లు ధాన్యం, పత్తి తెస్తారు. కుట్టుపని చేసే ఆవిడ జాకెట్టు కుట్టి తెస్తుంది. ఉద్యోగాలవాళ్లు కవరు తెస్తారు. నేను డబ్బా ఇస్తానన్నాను.

"కవరు ఇవ్వమ్మా" అన్నాడు నాన్న. "డబ్బా ఎందుకు? అందరూ ఏంటని అడుగుతారు."

"అడగనీ. చెప్పు."

ఆయన చెప్పులేసుకుని పాలకు వెళ్లిపోయాడు. ఇంట్లో గోడను గుర్తుపట్టడం వేరు, జనంలో ఒప్పుకోవడం వేరని నాకప్పుడు అర్థమై, ఉక్రోషంతో వంటింట్లో గిన్నెలు తోముతూ రెండు గ్లాసులకు సొట్టలు పెట్టాను.

ఆదివారం ఆరాధన అయిపోయాక కానుకల వేలం పాట మొదలైంది. వచ్చిన డబ్బు చర్చికి. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, సొరకాయలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, రెడ్డిగూడెం వాళ్లు తెచ్చిన మాగాయ జాడీ, వాటి మధ్య నా డబ్బా. పాట నడిపేది సంఘపెద్ద ఒకాయన, బజారులో ఆయనకు ఎరువుల కొట్టుంది. ఆయన గుమ్మడికాయను చంటిబిడ్డలా ఎత్తి చూపించి పాట పెంచుతాడు. పాడుకున్నవాళ్లు కాయను ఇంటికి తీసుకుపోరు, మళ్లీ పాటకే ఇచ్చేస్తారు. మా దగ్గర అదే మర్యాద. ఆ రోజు ఒకే కోడి ఎన్నో చేతులు మారి, అలసిపోయి, కునికిపాట్లు పడింది. మా నాన్న దాన్ని ఒకసారి పాడుకుని వెనక్కిచ్చేశాడు.

తర్వాత సంఘపెద్ద నా డబ్బా ఎత్తాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటండీ, సినిమానా?"

ఆయన చూపు మా నాన్న మీదికి వెళ్లింది. నాన్న చూపు నేల మీద ఉంది. నేను లేచి "గేమండీ" అన్నాను. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది దేంట్లో ఆడాలమ్మా?"

"ఈ డబ్బాలోది ఆడాలంటే టీవీకి తగిలించే వేరే మెషీను ఉండాలండి."

"మనలో ఎవరింట్లోనైనా ఉందా ఆ మెషీను?" తలలు అడ్డంగా ఊగాయి. ఆయన మంచి మనిషే, నాకోసం ఇబ్బంది పడుతున్నాడు. "సరే, ఎవరైనా పాట మొదలుపెట్టండి."

ఎవరూ మొదలుపెట్టలేదు. కవరు ఇచ్చినా బాగుండేదనుకున్నాను.

అప్పుడు నాన్న లేచాడు. క్లాసులో చాక్‌పీసు తీసుకునే ముందు సవరించుకున్నట్టే గొంతు సవరించుకున్నాడు.

"ఇది వీడియో గేము. మా అమ్మాయి చేసింది" అన్నాడు. వెంటనే తప్పు దిద్దుకున్నాడు. "మొత్తం కాదు. గోడలు చేసింది. గోడల మీద నాచు చేసింది. ఇది చాలా పెద్ద గేము. పెద్దదని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఎన్నో దేశాలవాళ్లు, ఒకరినొకరు చూసుకోకుండా, ఏళ్ల తరబడి, ఎవరూ ఆగి చూడని చోట కూడా ఒళ్లు దాచుకోకుండా చేస్తే అప్పుడు పెద్దదవుతుంది. అర్థమైందా?"

"అయ్యింది సార్!" అని సగం చర్చి ఒక్కసారిగా అంది. అందులో తాతలైనవాళ్లు కూడా ఉన్నారు. పాస్టరుగారు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పాట నాది" అని నాన్న మొదలుపెట్టాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో గొంతు పాట పెంచింది. మా అమ్మ!

"అమ్మగారూ, అవతల పాడుతోంది మాస్టారేనండీ" అన్నాడు సంఘపెద్ద.

"తెలుసండీ. ఆయన ఒక్కరి కూతురా?"

చర్చి గొల్లుమంది. నాన్న పెంచాడు, అమ్మ పెంచింది. ఇద్దరూ తెరిచేది ఒకే బీరువా అని ఎవరో అరిచారు. చివరికి అమ్మ చేతులెత్తేసి కూర్చుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పాట నాన్న పేరు మీద కొట్టేశారు. సంఘపెద్ద డబ్బా ఆయన చేతిలో పెట్టి, అలవాటు ప్రకారం మళ్లీ పాటకు తీసుకుందామని అక్కడే చెయ్యి చాచి నిలబడ్డాడు.

"ఇది ఇవ్వను" అన్నాడు నాన్న.

"మాస్టారూ, మీరెప్పుడూ..."

"ఎప్పుడూ ఇచ్చానయ్యా. ఇది మా పిల్ల చేసింది, ఇవ్వను" అని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు.