హాజరుపట్టీలో చివరి ఇల్లు

మొన్న మధ్యాహ్నం పప్పులోకి పోపు వేయిస్తూ ఉండగా నా సెల్‌ఫోను ఉన్నట్టుండి కీచుమంది. తుఫాను హెచ్చరికట. గోడకవతల పక్క ఫ్లాటులోనూ, నెత్తిమీద పై ఫ్లాటులోనూ అదే కీచు, ఒకే క్షణంలో. ఎంత వింత అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే అంతకన్నా పెద్ద వింతను ముప్ఫయ్యేళ్ళ కిందట నర్సీపట్నం దగ్గర ఒక పల్లెటూరి బడిలో కళ్ళారా చూసినదాన్ని.

అప్పటికి నాకు టీచరుద్యోగం వచ్చి రెండేళ్ళు. బలిఘట్టం దాటాక వరాహ నది పక్కన ఊరు, మెరక మీద బడి. మా పెద్ద టీచరుగారు పొట్టి మనిషే గానీ, ఆవిడ గొంతు ఏటి అవతలికి వినబడేది. ఏటా తుఫాన్ల రోజులు రాకముందే ఆవిడ పిల్లల హాజరుపట్టీ కాక ఇంకొకటి తెరిచేవారు. ఏ ఇంట్లో ఎందరు, నడవలేనివారెవరు, నిండు నెలలవారెవరు, అన్నీ అందులో ఉండాలి. మాకు తలా ఒక వీధి పంచి, ప్రతి గుమ్మమూ ఎక్కి, మనుషులను కళ్ళతో చూసి మరీ రాయమనేవారు. ఎలక్షన్ డ్యూటీలూ, జనాభా లెక్కలూ చాలవన్నట్టు ఇదొకటా అని మేం స్టాఫురూములో గొణుక్కుంటూ, ఆవిడ చాదస్తం మీద జోకులేసుకునేవాళ్ళం.

ఆ ఏడు నా వంతుకొచ్చిన వీధిలో చివరి ఇల్లు జీడితోట చివర విసిరేసినట్టుండేది. ఎండ మండిపోతోంది. పాత పట్టీలో అది ఖాళీ గుడిసె అని ఉంది కదా అని, ఇప్పుడూ ఖాళీయే అని రాసేసి వెనక్కి తిరిగాను.

కార్తీకంలో మూడు రోజులు విడవకుండా వాన కురిసి, నాలుగోరోజు పొద్దున్న ఏరు పొంగింది. మా అటెండరు బడిగంట పట్టుకుని వీధివీధీ తిరిగితే, జనం మేకలతో, మూటలతో బడికి చేరారు. పెద్ద టీచరుగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఆ పట్టీ విప్పి, ఊరు ఊరంతటికీ హాజరు పిలిచారు. ఒకప్పుడు ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దిన మీసాల మగాళ్ళు చేతులు కట్టుకుని ఉన్నానండీ అని పలుకుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అందరూ వచ్చినట్టే అని ఆవిడ పట్టీ మూయబోతుండగా, నా వెనక ఒకామె పక్కామెను అడగడం వినబడింది.

"జీడితోట కాడి ముసల్ది కోటవురట్లలో కూతురి కాడే ఉందా?"

"ఉగాదికే వచ్చీసినాది గదే!"

నేను ఖాళీ అని రాసిన గుడిసే అది. ఉద్యోగం పోతుందేమోనన్న భయమూ వేసింది, దాచుకోవడమెందుకు? అయినా అందరి ముందూ చెప్పేశాను, ఆ ఇల్లు నేను చూడలేదని. పెద్ద టీచరుగారు పట్టీ పక్కన పెట్టి లేచారు. తాడులాగుడు పోటీల మోకు తెమ్మన్నారు.

"తమరాగండమ్మా, మేం బేగి ఎల్లొస్తాం" అన్నాడు అటెండరు.

ఆ ముసలామెకు చెవుడనీ, తన గొంతయితేనే వినబడుతుందనీ అంటూ ఆవిడ చీర దోపుకుని నీళ్ళలోకి దిగారు. మోకు పట్టుకుని ఇద్దరు రైతులూ, అటెండరూ, వెనకాల నేనూ. నడుముదాకా నీళ్ళు. ఆవిడ దారిపొడుగునా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. గుడిసెలో నులకమంచం పట్టె దాకా నీళ్ళు, మంచం మీద కోడిని ఒళ్ళో పెట్టుకుని ముసలమ్మ! అటెండరు ఆమెను వీపున వేసుకున్నాడు.

బడికి తిరిగొచ్చాక పెద్ద టీచరుగారు తడిచీరతోనే మళ్ళీ కుర్చీలో కూర్చుని, పట్టీ విప్పి, కలం నా చేతికిచ్చారు. ముసలమ్మ పేరు రాశాను. అప్పుడు ఆ పేరునీ హాజరు పిలిచారావిడ. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి బడి దద్దరిల్లేలాగ.

"ఏటమ్మా అలా అరుస్తావు? నాను ఇక్కడే ఉన్నాను గదా!"

బడంతా ఘొల్లున నవ్వింది. నేను మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మరుసటి ఏడు అదే వీధి నాకే ఇచ్చారు.

ఇప్పుడు ఒక్క క్షణంలో అందరికీ కబురందుతోంది, మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలబడతాయో! కానీ ఆ ఫోను ఎవరినీ పేరు పెట్టి పిలవదు, ఉన్నానని ఎవరైనా పలికేదాకా ఆగదు. నేనీ ఫ్లాటుకు వచ్చి ఐదేళ్ళయింది. గోడకవతల రోజూ తెల్లవారుజామున ఎవరో దగ్గుతారు, పేరు తెలియదు. ఆ పట్టీ ఇప్పుడు నా చేతికిస్తే, చివరి ఇల్లే కాదు, నా పక్కిల్లు కూడా ఖాళీ అనే రాయాలి.