మైల సోకని ఉపన్యాసం

మా అనకాపల్లి కాలేజీలో ఏటా మానవ హక్కుల మీద ఓ బహిరంగ ఉపన్యాసం పెడతాం. రాజనీతిశాస్త్రం చెబుతాను కాబట్టి కన్వీనరు పదవి ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. కన్వీనరంటే పెద్ద విషయమేం కాదు. బొకేలు తేవాలి, శాలువాలు సరిపోయాయో లేదో చూసుకోవాలి, వేదిక మీద కుర్చీ దక్కక అలిగినవాళ్ళని బతిమాలాలి. ఈ మధ్యలో ఎక్కడో ఉపన్యాసం దాని పాటికి అది జరిగిపోతుంది.

ఆ ఏడాది అంశం శరణార్థుల రక్షణ. కార్డులు పంచేశాం, విశాఖపట్నం నుంచి వక్త ఒప్పుకున్నాడు. సరిగ్గా నాలుగు రోజుల ముందు తుఫాను పట్టుకుంది. బుచ్చయ్యపేట వైపు గెడ్డ పొంగి ఇళ్ళు మునిగితే, ఓ పదిహేను కుటుంబాలను అధికారులు తెచ్చి మా ఆడిటోరియంలో దింపారు. వాయిదా వేద్దామని నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. కార్డు మీద నా పేరు వక్త పేరు పక్కనే పడింది మరి.

ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఈ వరద కలిసొచ్చింది. "వానకి సెలవులిచ్చేశాం, పిల్లలెవరూ రారు. వీళ్ళనే కుర్చీల్లో కూర్చోబెట్టండి, హాలు నిండుతుంది" అన్నారు.

తీరా ఆ రోజు పొద్దున్న, వేదిక వెనక గదిలో బాలింత ఉందని తెలిసింది. బిడ్డ పుట్టి ఆరు రోజులు. పదకొండో రోజు స్నానం కాలేదు గనక ఇంకా పురిటి మైలలోనే ఉంది. ప్రిన్సిపాల్ గారు గుండె పట్టుకున్నారు.

"జ్యోతి వెలిగించాలి కదండీ! మైల్లో దీపమేటండీ?"

వెంటనే సంస్కృతం మాస్టారిని పిలిపించారు. పురిటి మైల దాయాదులకే గానీ హాలుకి ఉండదని మొదట ఆయన సరిగానే చెప్పాడు. ప్రిన్సిపాల్ గారి మొహం చూశాక, ఎందుకైనా మంచిది, కప్పు వేరుగా ఉంటే ఏ శంకా ఉండదని సవరించుకున్నాడు. హాలుతో కలవని కప్పు మా ఆవరణలో ఒక్కటే ఉంది, స్కూటర్ల షెడ్డు. దానికి మూడు వైపులే గోడ.

వెళ్ళి చెప్పాల్సింది ఎవరు? కన్వీనరే. గదిలో ఆ పిల్ల బిడ్డని కొంగులో చుట్టుకుని పడుకుంది. పక్కన అత్తగారు. మొగుడు ఊళ్ళో మెరక మీద గొడ్లని చూసుకోడానికి ఉండిపోయాడట.

"బాబూ, బాలింతకి ఈదురుగాలి తగిలితే పేనం మీదకొత్తాదండీ. బిడ్డకి రేత్రి నుంచీ దగ్గు" అంది ముసలమ్మ.

"రెండు గంటలేనమ్మా. సభ అయిపోగానే మళ్ళీ వచ్చేద్దురు" అన్నాను. ఆచారంలో మైల మాకు గుర్తొచ్చింది, గాలి గుర్తురాలేదు. వాళ్ళ మూట నేనే మోసుకెళ్ళి షెడ్డులో పెట్టాను. అప్పుడు నేనెంత మంచివాణ్ణో అనిపించింది కూడాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సభ దివ్యంగా మొదలైంది. దీపం ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంది, ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసి తలాడించారు. శాలువాలకే ముప్పావుగంట పట్టింది. తర్వాత వక్త లేచి, ప్రాణభయంతో వచ్చినవాణ్ణి మళ్ళీ ఆపదలోకి నెట్టకూడదన్నది ఈ చట్టాలన్నిటికీ మూలమని గొంతెత్తి చెప్పాడు. హోరుమని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కుర్చీల్లో ఉన్న బుచ్చయ్యపేట వాళ్ళు మమ్మల్ని చూసి కొట్టారు.

వాన పెద్దదైంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. అతిథుల ఇడ్లీల్లో మిగిలిన పొట్లం ఒకటి పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. జల్లు సగం దాకా కొడుతోంది. లోపలి మూల ఒక్కటే పొడిగా ఉంది. బాలింతా బిడ్డా మూటా అందులోనే సర్దుకున్నారు. ముసలమ్మ అడ్డంగా నిలబడి వీపుతో జల్లు కాస్తోంది. బిడ్డ దగ్గుతూనే ఉంది. మైకు మాత్రం గణగణ వినిపిస్తోంది.

"ఎవుళ్ళ గురించి బాబూ, ఆయన అంతలా బాదపడిపోతన్నాడు?" అని అడిగింది ముసలమ్మ.

పొట్లం ఆమె చేతికిస్తూ, "ఇల్లూ వాకిలీ వదిలేసి పారిపోయి వచ్చినవాళ్ళ గురించమ్మా. తల దాచుకోడానికి చోటు లేనివాళ్ళు" అన్నాను.

"అయ్యో, పిల్లా జెల్లా ఉన్నారేటి?"

"ఉన్నారమ్మా."

ఆమె వెంటనే కోడలి వైపు తిరిగింది. "ఓలమ్మీ, నువ్వు కాత్త ఇటు జరుగు. ఆళ్ళొత్తే ఆ మూల కూకుంటారు." అంటూనే పొడి మూలలో ఉన్న మూటని తీసి జల్లు పడే వైపు పెట్టింది.

"రారమ్మా, వాళ్ళు చాలా దూరంలో ఉన్నారు" అన్నాను.

ఆమె సరేనంది. మూట మాత్రం వెనక్కి జరపలేదు.