క్లచ్చు నా కాలి కింద

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా, గేర్లు వేయక్కర్లేని కారు కొన్నామని వాకిట్లోకి తీసుకెళ్లి మరీ చూపిస్తున్నారు. బాగుందమ్మా అంటాను. లోపల మాత్రం నవ్వుకుంటాను. అలాంటి కారు డెబ్బైల్లోనే బందరులో మాకుండేది. తోలి తోలి, దానికి గేర్లు పెట్టించుకున్నాం. మోజు తీరి కాదు లెండి, గతిలేక. కానీ నా జన్మలో నేను గర్వంగా చెప్పుకునే పని ఆ గతిలేని రోజుల్లోనే చేశాను. అందుకే ఎవరు విన్నా వినకపోయినా చెబుతూనే ఉంటాను.

మా ఆయనకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. చంకలో కర్ర లేనిదే నడవలేరు. చేతులు మాత్రం బంగారం. బందరులో మాకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షాపు ఉండేది. పొలాలకు నీళ్లు తోడే ఇంజను ఎక్కడ మొరాయించినా, అటు గుడివాడ అవతల నుంచీ ఇటు దివిసీమ చివర నుంచీ ఈయనకే కబురు వచ్చేది. కబురైతే వచ్చేది కానీ బస్సెక్కి వెళ్లడం ఆయనకు నరకం. అలాంటప్పుడు ఎవరో జమీందారు గారి షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత అమెరికా కారొకటి అమ్మకానికి వచ్చింది. పడవంత కారు. దానికి క్లచ్చు లేదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది, తోలేవాడికి కుడి కాలు ఒక్కటుంటే చాలు. ఏనుగును కొన్నాడు, మేపేదెవరని ఊరంతా నవ్వింది. ఈయన పట్టించుకోలేదు.

కొన్న కొత్తలో ఒకసారి నాతో అన్నారు. "స్టీరింగు వెనకాల కూర్చున్నంతసేపూ నా కాలు ఎవరికీ కనపడదే." మామూలుగా తన కాలు సంగతి ఎత్తే మనిషి కాదు. అందుకే ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి వేసవి. దివిసీమలో ఇంజన్లన్నీ ఉప్పునీళ్లు తాగి, బురద నిండి, బిగుసుకుపోయి ఉన్నాయి. తొలకరి పడేలోగా అవి తిరగాలి. బతికి మిగిలిన వాళ్లు మళ్లీ పైరు పెట్టుకోవాలంటే ఇంకో దారి లేదు. రైతులు పొద్దున్నే వచ్చి మా షాపు ముందు కూర్చునేవారు, ఎప్పుడొస్తారండీ అని. సరిగ్గా అప్పుడే, ఈయన గుడివాడ నుంచి వస్తుంటే పామర్రు దాటాక కారు చచ్చిపోయింది. ఇంజను అరుస్తోందట, బండి మాత్రం కదలదట. ట్రాక్టరుకు తాడు కట్టి, బజారంతా చూస్తుండగా ఇంటికి లాక్కొచ్చారు.

మా షాపు పక్కనే ఒక సాయిబు మెకానిక్కు షెడ్డు ఉండేది. ఆయన్ని అందరం భాయి అనే పిలిచేవాళ్లం. భాయి గేరుబాక్సు విప్పగానే మాడిన వాసన గుప్పుమంది. లోపలి బిళ్లలన్నీ బొగ్గయిపోయాయి. మద్రాసుకు కబురు పెట్టినా ఆ సామాను దొరకలేదు. ఈ రోగానికి ఒకటే మందు, జీపు గేరుబాక్సు తెచ్చి బిగించి, క్లచ్చు పెట్టి, అందరి బండ్లలా చేసేద్దాం అన్నాడు భాయి. అనేశాక మా ఆయన కాలు వంక చూసి నాలుక కరుచుకున్నాడు.

డ్రైవర్ని పెట్టుకోవచ్చుగా అని సలహా చెప్పనివాడు పాపాత్ముడు. ఈయన ఎవరి మాటా చెవిని వేసుకోకుండా ఒకరోజు అవనిగడ్డ బస్సెక్కారు. సాయంత్రం ఇంటికొచ్చి కర్ర గోడకు చేరేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చున్నారు. ఏమైందని అడిగాను.

"కండక్టరు చంకల్లో చేతులేసి, మూటని ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టాడే. పాపం మంచోడే. సాయం చేశాననుకున్నాడు."

అంతే అన్నారు. తర్వాత కాసేపటికి, కారు ఇనప్సామాను వాళ్లకు అమ్మేస్తాననీ, ఇక షాపు గడప దాటననీ చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. కండక్టరు మీదా, కారు మీదా, ఆ పోలియో మీదా, అన్నిటి మీదా.

నా కోపం ఊరికే చల్లారే రకం కాదు. మర్నాడు మజ్జిగ చెంబు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఇద్దరూ దిగాలుగా కారు పక్కన కూర్చుని ఉన్నారు. ఆ కారు ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలా ఉంటుంది. స్టీరింగు కుడి పక్కన. క్లచ్చు పెడితే పెడల్ ఎక్కడ వస్తుందని భాయిని అడిగాను. బ్రేకుకి ఎడమ పక్కన, ఇక్కడమ్మా అని సుద్దముక్కతో గీత గీశాడు. నేను ఎక్కి సీటు మధ్యలో కూర్చుని, కుచ్చిళ్లు సర్దుకుని, కుడి కాలు చాపాను. గీతకి కాస్త ఇవతలగా ఆగింది.

"క్లచ్చు నేను తొక్కుతానండీ. మిగతాదంతా మీరు చూసుకోండి" అన్నాను.

భాయి నవ్వాడు. నవ్వుతూనే ఆ గీత చెరిపి, నా కాలు ఆనిన చోట ఇంకో గీత గీశాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు, మజ్జిగ కూడా తాగలేదు. పెళ్లాం కాలు అరువు తెచ్చుకుని బండి తోలడమా అన్నది ఆయన బాధ. నేనెంత చెప్పినా ఆయన దిగిరాలేదు. చివరికి షాపు ముందు కూర్చున్న రైతుల మొహాలు చూడలేక ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టారు. క్లచ్చు నేను తొక్కుతున్నట్టు భాయికి తప్ప ఇంకొకరికి తెలియకూడదు. అప్పటికి సరే అన్నాను.

పని మొదలయ్యాక ఆయన మనిషే మారిపోయారు. జీపు గేరుబాక్సు గుడివాడలో పాత సామాను కొట్లో దొరికింది. తీరా తెస్తే అది ఇంజనుకు అతకదు. రెండిటి బెజ్జాలూ వేరు. మధ్యలో మందపాటి ఇనుప పలక ఒకటి వేసి, ఇటు బెజ్జాలు ఇంజనుకూ, అటు బెజ్జాలు గేరుబాక్సుకూ కలపాలి. నడిమధ్య బెజ్జం వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరుబాక్సు పళ్లు రాలిపోతాయట. కొలతలు ఈయన తీశారు, గుడివాడలో లేతు మిషను మీద దగ్గరుండి కోయించింది భాయి. క్లచ్చు అంటుకోవడానికి బరువైన చక్రం కూడా అక్కడే చేయించారు. కర్ర పక్కన పడేసి, మట్టిలో వెల్లకిలా పడుకుని, కారు కింద ఈయనొక పక్కా భాయి ఒక పక్కా గంటలు గంటలు ఉండేవారు. పెడల్‌కి నా పాదానికి సరిపోయే వెడల్పు పలక అతికించాడు భాయి. గేరు రాడ్డు నా మోకాలికి అడ్డం రాకుండా వంచి, ఆయన చేతికి అందేలా పెట్టాడు. అమెరికావాడు చేసిన కారును బందరులో మార్చి చూపించారు ఇద్దరూ. దేశంలో అలాంటి కారు ఇంకోటి లేదని ఇప్పటికీ నా నమ్మకం. ఉందంటే చూపించమనండి.

నేర్చుకోవడం మంగినపూడి రోడ్డు మీద. తొలిరోజు కారు కప్పలా గెంతింది. ఆయన తొక్కు అనేవారు, నేను తొక్కేదాన్ని, అప్పటికే ఆలస్యం. వదులు అనేవారు, వదిలేదాన్ని, ఇంజను ఆగిపోయేది. తొక్కమన్నప్పుడు తొక్కాలి గానీ ఆలోచించకూడదని ఆయన, చెప్పేది ముందే చెప్పి చావొచ్చుగా అని నేను. ఆ రోడ్డు మీద పోట్లాడుకున్నంతగా మేం ఇంట్లో ఎన్నడూ పోట్లాడుకోలేదు. చివరికి, మీరసలు నోరెత్తకండి, నన్ను విననివ్వండి అన్నాను. పొయ్యి మీద పప్పు పొంగబోయే ముందు చప్పుడు మారదూ? ఇంజను కూడా అంతే. చప్పుడు మారగానే నా కాలు దిగేది, ఆయన చెయ్యి రాడ్డు మీద పడేది. కుట్టుమిషను తొక్కిన కాలు నాది, అలవాటు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోకుండానే గేర్లు మారేవి.

ఇక మా అత్తగారి గోల. బజార్లో మొగుడి భుజానికి భుజం ఆనించుకుని కూర్చోవడం ఏంటమ్మా, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సన్నాయి నొక్కులు. నిజం చెప్పడానికి లేదాయె, షరతు ఉందిగా. దివి వెళ్లినప్పుడల్లా నన్నెందుకు తెచ్చారని ఎవరైనా అడిగితే, ఈయన ఒకటే చెప్పేవారు. మోపిదేవి స్వామికి మొక్కుందండి, దర్శనానికి వచ్చింది అని. ఆ స్వామికి పిల్లల కోసం మొక్కుతారని కృష్ణా జిల్లాలో తెలియనిదెవరికి? వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు నా పొట్ట వంక చూసి, ఏమైనా విశేషమా అని అడిగేవారు. అన్నిసార్లు మొక్కిన లెక్కన మా ఇల్లు పిల్లలతో కిటకిటలాడాలి. పైకి నవ్వేదాన్ని గానీ ఒళ్లు మండిపోయేది. రోడ్డంతా క్లచ్చు తొక్కీ తొక్కీ పిక్కలు పీకుతుంటే, నేను దర్శనానికి వచ్చినదాన్నట.

ఆ రోజు నాగాయలంక అవతల ఒక ఊరికి బయలుదేరాం. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర కృష్ణ మీద కాలవను దాటించే వంతెన, అక్విడక్టు ఎక్కాలి. ఎక్కేచోట వాలు, దారి ఇరుకు. మా ముందు గడ్డిబండి ఒకటి పోతూ పోతూ సగం వాలులో ఆగిపోయింది. మా వెనక నిండు బస్సు. కారు హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. ఈయన కుడి కాలు బ్రేకు మీద ఉంది. ముందుకు పోవాలంటే ఆ కాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలేటరు మీద వెయ్యాలి. ఆ మధ్యలో కారు వెనక్కి జారితే జనం నిండిన బస్సు మీదికే. గడ్డిబండి కదిలింది. బస్సు హారను మోగుతోంది. బస్సులోంచి నలుగురు దిగి మా కిటికీల దగ్గరికి వచ్చి తొంగి చూస్తున్నారు. ఈయన నుదుటి మీద చెమట. కాలు బ్రేకు మీంచి రావడం లేదు.

నేను క్లచ్చు కొంచెం కొంచెంగా వదిలాను. చప్పుడు బరువెక్కింది, కారు సన్నగా వణికింది. అక్కడే ఆపి పట్టుకున్నాను.

"నేను పట్టుకున్నాను. మీరు బ్రేకు వదలండి."

నా మొహంలోకి ఒకసారి చూశారు. వదిలారు. కారు అంగుళం జారలేదు. ఆయన కాలు యాక్సిలేటరు మీద పడింది, నా కాలు మెల్లగా లేచింది, పడవలాంటి ఆ కారు వాలెక్కి పైకి వచ్చింది. కిటికీ దగ్గర ఒకాయన, తొక్కేది ఆవిడరా అని వెనకవాళ్లకు చెప్పడం నా చెవిన పడింది. ఈయన చెవినా పడే ఉంటుంది. ఊరు చేరేదాకా రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. షరతు తప్పినందుకు కోపమొచ్చిందేమో, ఇక కారు ముట్టరేమో అని నాకు గుండెల్లో రాయి పడింది.

ఊళ్లో రైతు పొలం దగ్గర ఉన్నాడని తెలిసి, కారు ఆయన ఇంటి ముందు ఆపి, ఈయన ఎవరి బండి మీదో పొలానికి వెళ్లారు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కొత్త తాటాకు కప్పు, కొత్త మట్టి గోడలు. ఉప్పెనలో ఎవరెవరు పోయారని నేను అడగలేదు. పని చేసుకుంటూ ఉన్నది ఒక్క ఆవిడే, రైతు భార్య. మధ్యాహ్నం దాటాక దూరం నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఆవిడ చేతిలో పని వదిలేసి వాకిట్లో నిలబడి వింది. చాలాసేపు అలాగే నిలబడింది.

మగవాళ్లంతా తిరిగి వచ్చారు. అరుగు మీద విస్తళ్లు వేశారు. ఎప్పటిలా నేను లోపలికి జరిగాను, మగవాళ్ల భోజనాలయ్యాక మాకు. రైతు ఇటూ అటూ చూసి, కారు డ్రైవరు ఎక్కడండీ, కనపడ్డం లేదు, అతనికీ ఆకు వేయిస్తాను అన్నాడు. ఈ కాలుతో ఈయన తోలి ఉంటారని అతనికి తోచలేదు.

ఈయన కర్ర మీద ఆనుకుని నిలబడ్డారు. చుట్టూ ఊరి పెద్దలు.

"సగం డ్రైవర్ని నేనండి. మిగతా సగం లోపలుంది. నా కాలు పని చెయ్యదు కదండీ, క్లచ్చు ఆవిడ తొక్కుతుంది. ఇవాళ వాలు మీద ఆవిడ పట్టుకోబట్టి వచ్చాం గానీ, లేకపోతే మీ ఇంజను అలాగే ఉండేది. ముందు ఆవిడకి వడ్డించండి."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన లేచి, కాస్త అటు జరిగి, ఈయన పక్కన చోటు చేశాడు. నేను బయటికి వచ్చి ఆ వరుసలో కూర్చున్నాను. రైతు భార్య అన్నం, గోంగూర పట్టుకుని వచ్చి నా ఆకు దగ్గర ఆగింది.

"ఇంకాస్త పెట్టనా డ్రైవరు గారూ" అంది.

పెట్టమన్నాను. మారు కూడా పెట్టించుకున్నాను.