రికార్డు ప్రకారం పిళ్ళప్పకు చెవుడు

చింతామణి నుంచి బట్లహళ్ళికి పోయే దారిలో, రాళ్ళగుట్ట మీద, ఆఫీసర్లు దిగే బంగళా ఒకటి ఉండేది. అక్కడ గదిలో వేలాడే గుడ్డ పంకాను బయటినుంచి తాడుతో లాగే ఉద్యోగానికి అర్హతలు రెండు. కాళ్ళు గట్టిగా ఉండాలి, చెవులు పనిచేయకూడదు. పంకా కింద కూర్చున్నవాళ్ళు రాజ్యం సంగతులు మాట్లాడుకుంటారు గనుక, గోడకవతల తాడు లాగేవాడికి అవి వినపడకుండా ఉండటం రాజ్యానికి క్షేమమని పూర్వం ఎవరో మహానుభావుడు నిర్ణయించి పోయాడు.

పిళ్ళప్ప కాళ్ళు గట్టివే. రెండో అర్హతకు పరీక్ష జరిగింది. ఆఫీసరు అతన్ని వరండాలో నిలబెట్టి, రిజిస్టరు తెరిచి, "నీకు చెవుడేనా?" అని అడిగాడు.

"అవును సామీ, పుట్టుచెవుడు" అన్నాడు పిళ్ళప్ప, చేతులు కట్టుకుని.

ఆఫీసరు అలాగే రాసుకుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఏటేటా ఎవరో ఒక ఆఫీసరు రావడం, అదే ప్రశ్న అడగడం, అదే జవాబు విని అదే చోట సంతకం పెట్టడం ఆచారమైపోయింది. ఇరవై రెండేళ్ళకు ఇరవై రెండు సంతకాలు. ఇంత పక్కా చెవుడు మైసూరు సంస్థానంలో ఇంకొకటి ఉండదని బంగళా వంటవాడు మునికృష్ణప్ప నలుగురిలో గొప్పగా చెప్పేవాడు. పిళ్ళప్పకు చీమ నడక కూడా వినపడుతుందని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. తెలియనిది సర్కారుకొక్కదానికే. పల్లెల్లో సర్కారు అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిళ్ళప్ప వరండా గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి, తాడు కొస కుడికాలి బొటనవేలికి చుట్టుకుని కళ్ళు మూసేవాడు. కాలు దానంతటది ఊగేది. లోపల పంకా కిర్రుమంటూ, ఆగుతూ, మళ్ళీ కిర్రుమంటూ అటూ ఇటూ ఊగేది. తాడు కోసం గోడకు పెట్టిన కన్నంలోంచి చల్లగాలితో పాటు మాటలు కూడా మెల్లగా జారి వచ్చేవి. సగం నిద్రలో ఉన్నవాడికి అవి మాటలుగా చేరేవి కావు. లోపల ఎవరైనా బదిలీ సంగతి ఎత్తితే, పిళ్ళప్ప కలలో ఒక ఎద్దులబండి మబ్బుల మధ్యగా పోయేది. దాని వెనకనుంచి ట్రంకుపెట్టెలు ఒకటొకటే జారి, చప్పుడు లేకుండా కిందికి దిగేవి. కందాయం, అదే భూమిశిస్తు, మాట వస్తే గుట్ట మీది మేకలన్నీ వరుసగా వచ్చి, తలలు వంచుకుని, ఎవరికోసమో నిలబడేవి. మెలకువ వచ్చాక విన్నదేదో కన్నదేదో అతనికే తెలిసేది కాదు. ఒకసారి భార్య అంజనమ్మతో, "ఎవరో ఇంజనీరంట, చెరువును పంచె మడిచినట్టు మడిచి సంచిలో పెట్టుకోని పోయినాడంట" అన్నాడు. కలే అనుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. రెండేళ్ళకు ఆ ఇంజనీరు మీద విచారణ జరిగింది. అప్పట్నుంచీ పిళ్ళప్ప దేన్నీ ఎవరికీ చెప్పలేదు. తాడు దగ్గర విన్నది తాడు దగ్గరే వదిలి, కాళ్ళు కడుక్కుని ఇంటికి పోయేవాడు.

1942 ఆగస్టు గాలి అన్ని ఊళ్ళకూ తగిలినట్టే తొండేభావి వైపు కూడా తగిలింది. అంజనమ్మ తమ్ముడు మునినారాయణ ఆ దగ్గరి పల్లెలో మేష్ట్రు. ఒక సాయంత్రం ఆయన రెండు గంటలసేపు స్వాతంత్ర్యం గురించి ఉపన్యసించాడు. మరునాడు తెల్లారేసరికి రైలుకట్ట పక్కన టెలిగ్రాఫు తీగ తెగి పడి ఉంది. ఈ రెండింటినీ ముడిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఉన్నది సరిపోయింది. మేష్ట్రునూ, ఉపన్యాసం చివరిదాకా విన్న పదకొండు మందినీ పట్టుకుపోయారు. మధ్యలో లేచిపోయినవాళ్ళను అమాయకుల కింద జమకట్టి వదిలేశారు. కుట్ర అని తేలితే పన్నెండు మందికీ ఏళ్ళ తరబడి జైలు తప్పదన్నారు.

అంజనమ్మ అన్నం ముద్ద మింగడం మానేసింది. మానేసిన ముద్దను మొగుడి కంచంలో వేస్తూ అడిగేది.

"పెద్ద పెద్దోళ్ళంతా నీ తాడు కిందనే కూచోని గాలి తీసుకుంటాండారు. నా తమ్ముని గురించి ఒక్క మాట అడగరాదా?"

"ఎట్లడిగేదే? నాకు చెవుడు గదా."

"చెవుడైతే నోరు కూడా పోయిండాదా?"

"అడిగితే వాళ్ళు జవాబు చెప్తారు. జవాబుకు తలూపినానంటే నా గుట్టు బయటపడతాది. ఉద్యోగం పోయేది అట్లుండనీ, ఇన్నేండ్లు సర్కారును మోసం చేసినావని నన్ను కూడా లోపలేస్తారు."

"వేస్తే మంచిదే. వానికి తోడుంటావు. చిన్నప్పట్నించీ ఒక్కడే ఉండాలంటే వానికి బయ్యం" అంది అంజనమ్మ.

సెప్టెంబరు ముసుర్లలో భీమసేనరావు వచ్చి బంగళాలో దిగాడు. సంస్థానం పోలీసుల్లో పైనుంచి లెక్కపెడితే రెండో మనిషో మూడో మనిషో. తీగ కేసు మీద ఆఖరి రిపోర్టు ఆయనే రాయాలి. మిగతా పెద్దలు ఇలాంటివి బల్ల దగ్గర కూర్చుని తేల్చేవారు. ఈయన స్వయంగా తొండేభావి పోయి, రైలుకట్ట వెంట బురదలో నడిచి, తల పైకెత్తి చూసి వచ్చాడు. ఆ ఉద్యోగంలో తల పైకెత్తడం మంచి అలవాటు కాదని తోటివాళ్ళు అనుకునేవారు.

రాసేటప్పుడు పైకి చదువుకోవడం ఆయన అలవాటు. గోడకవతల ఉన్నవాడు చెవిటివాడని రిజిస్టరులో చూసుకున్నాడు గనుక గొంతు తగ్గించలేదు. అలా ఆ రిపోర్టు వాక్యం తర్వాత వాక్యంగా తాడు వెంబడి పిళ్ళప్ప కలలోకి దిగింది. బయట వాన తుంపర. కలలో ఒక పాత చింతచెట్టు రైలుకట్ట పక్కన నిలబడి గాలికి ఊగుతోంది. ఒక కొమ్మ నిదానంగా విరిగి, ఎవరినో పలకరించబోతున్నట్టు వంగి, తీగ మీద వాలింది. తీగ తెగింది. పొద్దు పొడవకముందే పుట్టమ్మ అనే ముసలమ్మ వచ్చి, భలే వంటచెరుకు దొరికిందనుకుని, కొమ్మను ఇంటికి ఈడ్చుకుపోయింది. ఆ వెనక పోలీసులు వచ్చారు. కొమ్మ లేని చోట తెగిన తీగ కనబడితే అది కోసిన తీగే అవుతుంది. సర్కారు చెట్టు కొమ్మ ఎత్తుకుపోయినందుకు తననెక్కడ పట్టుకుంటారోనని పుట్టమ్మ నోరు మెదపలేదు. భీమసేనరావు ఆమె అరుగు మీద గంటసేపు కూర్చుని, నీకేమీ భయంలేదని నచ్చజెప్తే, అప్పుడు గడ్డివామి వెనక దాచింది తీసి చూపించింది. కుట్రలో సగం అప్పటికే సంగటి ఉడికించింది. మిగిలిన సగం మీద తీగ ఒరుసుకున్న గీత స్పష్టంగా ఉంది.

ఆ మధ్యాహ్నం పిళ్ళప్ప కాలు మరీ హుషారుగా ఊగడంతో లోపల కాగితాలు ఎగిరిపడ్డాయి. ఇంటికి పోయి, ఏళ్ళ నియమం విడిచి, అంజనమ్మకు అంతా చెప్పాడు.

"ఇది విన్నావా, కన్నావా?" అంది ఆమె.

"అదే తెలీలేదే" అన్నాడు పిళ్ళప్ప.

మూడో నాడు బెంగళూరు నుంచి కారులో ఒక సలహాదారు వచ్చాడు. ఆయన ఎవరి సలహాదారో ఎవరికీ స్పష్టంగా తెలియదు. కాని ఆయన సలహా తీసుకోనివాళ్ళ ఉద్యోగాలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. భోజనం చేసి, మునికృష్ణప్ప చేసిన పప్పుపులుసు హుళిసారును మెచ్చుకుని, పంకా కింద కుర్చీలో వాలాడు. పిళ్ళప్ప కళ్ళు మూసుకున్నాడు. కాలు ఊగింది. కన్నడం మాటలు కన్నంలోంచి రావడం మొదలైంది.

"మీరు పంపిన చిత్తు రిపోర్టు చదివాను భీమసేన రాయరే. భాష అద్భుతం. ఆ చింతకొమ్మ వర్ణన చదువుతుంటే కళ్ళకు కట్టినట్టుంది."

"అది వర్ణన కాదు, విచారణ."

"కావచ్చు. కాని పైవాళ్ళకు కొమ్మ పనికిరాదు. కుట్ర పట్టుకున్నామని పత్రికలకు ప్రకటన ఇచ్చేశారు. ఇచ్చిన ప్రకటనను వెనక్కి తీసుకునేకంటే ఒక కొమ్మను వెనక్కి తీసుకోవడం సులభం కదా."

"కొమ్మ విరిగింది నిజం."

"విరగలేదని నేనన్నానా? అది మీ కంట పడలేదు, అంతే. వచ్చే ఏడు మీ పై కుర్చీ ఖాళీ అవుతుంది. దాంట్లో చూపు కాస్త మందంగా ఉన్నవాళ్ళయితే బాగుంటుందని పైన అనుకుంటున్నారు."

"లేకపోతే?"

"లేకపోతే ఏముంది, పోలీసు గుర్రాలను చూసుకోవడానికి అనుభవం ఉన్న ఆఫీసరు ఒకరు కావాలంటున్నారు. గుర్రాలు మంచి జంతువులు. రిపోర్టులు చదవవు."

కాగితం బల్ల మీద పెట్టిన చప్పుడు.

"నాలుగు వాక్యాలు టైపు చేయించి తెచ్చాను. సంతకం చేస్తే చాలు. చింతామణిలో కొంచెం పని చూసుకుని ఐదు గంటలకు వస్తాను. ఈ మాటలు మనిద్దరి మధ్యే ఉంటాయి. బయట ఉన్నవాడు?"

"చెవిటివాడు. ఇరవై రెండు సంతకాలున్నాయి."

కారు గుట్ట దిగిపోయింది. వాన వెలిసి, ఉక్క మొదలైంది. పిళ్ళప్ప కలలో గుర్రాలు మబ్బుల్లో మేస్తున్నాయి. వాటి మధ్య మునినారాయణ నిలబడి ఉపన్యసిస్తున్నాడు, ఏ గుర్రమూ తల ఎత్తడం లేదు. ఎక్కడినుంచో భీమసేనరావు గొంతు నెమ్మదిగా వస్తోంది.

"ఆ ముసలమ్మ మళ్ళీ నోరు విప్పదు. కొమ్మ మిగతా సగం కూడా ఈపాటికి పొయ్యిలో పడే ఉంటుంది. నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

కలం మూత తీసిన చప్పుడు.

పిళ్ళప్ప ఇన్నేళ్ళూ ఇలాంటి చోటనే పక్కకు ఒత్తిగిలేవాడు. ఇదీ కలే అనుకుంటే చాలు, గుర్రాలు మేస్తూ ఉంటాయి, పొద్దు వాలుతుంది, కాళ్ళు కడుక్కుని ఇంటికి పోవచ్చు. కలో నిజమో తేల్చుకోవడానికి అతనికి తోచిన ఉపాయం ఒకటే. కాలు ఆపాడు. కలైతే పంకా తన మానాన తాను ఊగుతూనే ఉంటుంది.

పంకా ఆగిపోయింది.

తాడు విప్పి, లేచి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో పంకాను అటు వైపునుంచి చూడటం అదే మొదలు.

"నాకు తెలుసు సామీ" అన్నాడు.

భీమసేనరావు తలెత్తాడు. "ఏమన్నావు?"

"నాకు తెలుసంటాండా. కొమ్మ సంగతి, పుట్టమ్మ సంగతి. గుర్రాల సంగతి కూడా."

"నీకు చెవుడు కదూ?"

"అవును సామీ" అనేశాడు పిళ్ళప్ప, అలవాటు కొద్దీ. తర్వాత సర్దుకుని, "రికార్డులో" అన్నాడు.

"ఎప్పట్నుంచి వినపడుతోంది?"

"పుట్టినప్పట్నించీ సామీ."

భీమసేనరావు నుదుటి మీద చెమట బొట్టు ఒకటి దారి వెతుక్కుంటోంది.

"ఆ పన్నెండు మందిలో నీవాళ్ళున్నారా?"

"మునినారాయణ నా భార్య తమ్ముడు."

"ఆ రెండు గంటల మేష్ట్రా?"

"ఆయప్పే సామీ. మాట్లాడేదానికి తప్ప దేనికీ చెయ్యి లేయదు. తీగ కాదు గదా, ఇంట్లో సొరకాయ కోసింది కూడా మేం చూడలేదు."

"నేను దీని మీద సంతకం పెడితే ఏం చేస్తావు?"

"నేనేం చేస్తా సామీ. పంకా లాగతా. మీరు మళ్ళా ఎప్పుడో ఒకనాడు వస్తారు. అప్పుడు కూడా నేనీ గోడకవతలే ఉంటా. ఉండానని మీకు తెలిసుంటాది. అంతే."

భీమసేనరావు కలానికి మూత పెట్టాడు. "పోయి లాగు, ఉక్కగా ఉంది" అన్నాడు.

ఐదింటికి కారు వచ్చింది. టైపు కాగితం ఎలా వచ్చిందో అలాగే సంతకం లేకుండా వెనక్కి వెళ్ళింది. దాంతోపాటు చింతకొమ్మ రిపోర్టు, సంతకంతో సహా, వెళ్ళింది. ఈసారి సలహాదారు హుళిసారు సంగతి ఎత్తలేదు.

బంగళా ఖాళీ చేసే ఆఫీసరు రిజిస్టరులో పనివాళ్ళ గురించి రెండు ముక్కలు రాసిపోవాలి. భీమసేనరావు పిళ్ళప్పను పిలిచి, రిజిస్టరు ముందు పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అబద్ధం రాయనని ఇప్పుడే పై కుర్చీ పోగొట్టుకున్నానయ్యా. గంట తిరక్కుండా నీ కోసం ఒకటి రాయలేను."

"రాసుకోండి సామీ" అన్నాడు పిళ్ళప్ప. "నిజమే గదా."

"పంకా లాగే పిళ్ళప్పకు చెవులు చక్కగా వినపడతాయి" అని ఆయన రాశాడు.

సర్కారు దిగ్భ్రమ చెందింది. పిళ్ళప్పను శిక్షించాలంటే సంతకాలు పెట్టిన ఇరవై రెండు మందినీ ముందు సంజాయిషీ అడగాలి. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు చాలా పైన ఉన్నారు. అందుచేత, వినికిడి కారణంగా అతన్ని ఉద్యోగం నుంచి తొలగించి ఊరుకున్నారు. పిళ్ళప్ప జంగమకోటె వైపు పోయి, పట్టుపురుగుల ఇళ్ళకు మేతగా కంబళి ఆకు కోసే పనిలో చేరాడు. భీమసేనరావు గుర్రాల దగ్గరికి వెళ్ళాడు. అవి ఆయనను బాగా గౌరవించేవని విన్నవాళ్ళు చెప్పారు.

ఆ రిపోర్టును మార్చి రాయడానికి ఇంకో ఆఫీసరు ముందుకు రాలేదు. గుర్రాల లాయంలో మరో ఖాళీ లేదని, ఈసారి పోతే ఉద్యోగమే పోతుందని వాళ్ళకూ తెలుసు, అయినా ఎందుకో కలం కదలలేదు. కార్తీకంలో, తగిన సాక్ష్యం లేనందున, పన్నెండు మందినీ వదిలేశారు.

మునినారాయణ నేరుగా అక్క ఇంటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, గొంతు మాత్రం చిక్కలేదు. సంగటి ముందు కూర్చుని, జనశక్తి చూసి సర్కారు ఎలా గడగడలాడిందో, ఆ భయంతోనే తమను ఎలా వదలక తప్పలేదో వివరించడం మొదలుపెట్టాడు.

"రేయ్, అది కాదురా..." అంటూ అంజనమ్మ నోరు తెరిచింది.

పిళ్ళప్ప ఆమె వైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. బయట మళ్ళీ సన్నగా తుంపర పడుతోంది. మాటలకు కళ్ళు బరువెక్కుతున్నా మూసుకోకుండా, "ఊఁ, తర్వాత?" అన్నాడు.

"తర్వాతేముంది బావా, ప్రపంచంలో ఏ సర్కారైనా..." అని మునినారాయణ అందుకున్నాడు.

అంజనమ్మ తమ్ముడి కంచంలో ఒక ముద్ద పెట్టి, రెండోది తన కంచంలో పెట్టుకుంది.