నీస్ తీరంలో చిన్నాయన తప్పిపోయిన పూట

మా హోసూరు గులాబీలు విమానమెక్కి పరదేశాలకు పోవడం కొత్తగా మొదలైన ఆ రోజుల్లో, వాటి వెనకే మేమూ ఒకసారి విమానమెక్కాం. మొక్కలమ్మే కంపెనీవాళ్ళు కొందరు పూలతోటల రైతుల్ని ఫ్రాన్సు దక్షిణ తీరాన ఉన్న నీస్ నగరానికి తీసుకుపోయారు. వేప్పనపల్లి దగ్గర తోట ఉన్న మా చిన్నాయన వాళ్ళలో ఒకడు. చిన్నమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. అప్పటినుంచి ఆయన మాట్లాడటమే దాదాపు మానేశాడు. గాలి మారితే కాస్త కుదుటపడతాడని ఇంట్లోవాళ్ళే బలవంతాన పంపారు. తోడు నేను. బెంగుళూరులో ఫ్రెంచి నేర్చుకున్నానని (వచ్చింది నమస్కారాలూ రంగుల పేర్లూ ఇంకో నాలుగు ముక్కలూ మాత్రమే) ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి మరి.

సముద్రం వెంబడి బారులుతీరిన పెద్ద హోటళ్ళు, గులకరాళ్ళ ఒడ్డున అరకొర బట్టల్లో ఎండకు పడుకున్న జనం. చిన్నాయన తెల్లపంచె కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, తన కాళ్ళవంకే చూసుకుంటూ నడిచాడు. "తలెత్తి సముద్రం చూడు చిన్నాయనా" అంటే, "సముద్రానికి ముందర శానామంది ఉండారప్పా, వాళ్ళు లేసినాక చూస్తా" అన్నాడు. పాత ఊళ్ళో రంగుపెంకుల గుమ్మటమున్న చర్చికి పోయినప్పుడు మాత్రం చెప్పులు బయట విడిచి, అందరితోపాటు ఒక కొవ్వొత్తి వెలిగించి, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. నేను గైడు మాటలకు తలాడిస్తూ (సగం కూడా అర్థం కాలేదు) వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు.

బయట చెప్పులూ లేవు. కాసేపట్లో మా బస్సు మొనాకో రాజుగారి కోటకు బయల్దేరాలి. భాష రాదు, చేతిలో ఫోను లేదు, మనసు విరిగిన మనిషి, పక్కనే సముద్రం. ఒక పోలీసు కనబడితే నాకొచ్చిన ఫ్రెంచిలో "నాది, ముసలి, తెలుపు, పోయింది" అన్నాను. ఆయన జాలిగా మెడచుట్టూ వేలు తిప్పి ఏదో అడిగాడు. తువ్వాలు గుర్తొచ్చి అవునన్నాను. కరుస్తుందా అన్నట్టు పళ్ళు చూపించేదాకా, ఆయన కుక్క గురించి అడుగుతున్నాడని నాకు తట్టలేదు.

చివరికి తీరంబాట మీద వేసిన నీలం కుర్చీల్లో కనబడ్డాడు. పక్కన ఒక ఫ్రెంచి ముసలమ్మ. ఆమె ఫ్రెంచిలో, ఈయన తెలుగులో, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటున్నారు. ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి.

"యాడికి పోయినావు చిన్నాయనా! ఆడ బస్సు పోతా ఉంది, రా!" అని అరిచాను.

"ఉండప్పా. ఈయమ్మ మొగుడు పోయినాడు."

"నీకెట్ల తెలుసు? ఆమె మాట నీకు అర్థమయిందా?"

"పక్క కుర్చీలో ఎవుర్నీ కూకోనీకుండా చెయ్యి పెట్టుకోనుండె. నన్ను జూసి తీసేసింది." తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "మీ చిన్నమ్మ సంగతంతా చెప్పినాను. ఇంట్లో ఎవురికీ చెప్పలేకపోయినాను" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. ఊరికి తిరిగొచ్చాక తోటలో అందరూ చుట్టూ చేరి, "రాజుగారి కోట చూసినారా అన్నా?" అని అడిగారు. "లేదప్పా, చుట్టాలామె ఒకామె కనబడె. మాట్లాడతా ఉండిపోయినాము" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

తర్వాతెప్పుడో కంపెనీ పనిమీద మళ్ళీ పోయినప్పుడు ఆ కోట చూశాను. బాగానే ఉంది. కానీ ఆ తీరం తలపుకొస్తే ముందుగా కనబడేది, ఏడుస్తున్న ఇద్దరు పెద్దవాళ్ళ వెనక వాచీ చూసుకుంటూ చిర్రుబుర్రులాడుతున్న ఒక కుర్రాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పోతే పోయింది బస్సు, కాసేపు కూర్చోరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది.