చేపల చప్పుడు వినే చెవి

మా మైపాడు తీరంలో ముప్పై బారల లోతున చేప తోక ఆడించినా వినగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని చాలా ఏళ్ళు చెప్పుకుని తిరిగాను. ముప్పై బారలు అబద్ధం. తోక ఆడించడం అంతకంటే పెద్ద అబద్ధం. నిజం ఏమిటంటే, గొరక చేపలు గుంపుగా ఉన్నప్పుడు నీళ్ళ కింద కప్పల్లా బెకబెకమంటాయి. ఇంజను ఆపి, పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి జారి, తల ముంచి, ఊపిరి బిగబట్టి కాసేపు ఉంటే ఆ చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ పక్క వల వేస్తారు. మా నాయన నేర్పిన పని అది. ఆయన గుంపు ఎంత పెద్దదో కూడా చెప్పేవాడు. నా చెవికి చేపలు ఉన్నాయా లేవా, ఉంటే ఏ పక్క, అంతవరకే తెలిసేది. అయినా అరవై దాటాక కూడా మా తమ్ముడి పడవలో నాకు చోటు మిగిలిందంటే ఆ చెవి వల్లనే. వల లాగే బలం ఎప్పుడో పోయింది.

అలాంటి నాకు దగ్గు పట్టుకుంది. తల ముంచగానే దగ్గు తెర వచ్చేది. ఉప్పునీళ్ళు మింగి, కళ్ళు తేలేసి పైకి లేచేవాణ్ణి. వినడానికి చెవి ఒక్కటే చాలదని, ఊపిరి కూడా కావాలని అప్పుడు తెలిసింది.

నెల్లూరులో డాక్టరమ్మ కళ్ళె పరీక్ష చేయించింది, స్కానింగ్ తీయించింది. "టీబీ కాదు పెద్దాయనా, దానికి దాయాది లాంటి క్రిమి. మట్టిలో, నీళ్ళలో ఉంటుంది. మీ ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉన్నాయి గదా, అక్కడ కాపురం పెట్టింది. ఖాళీ చేయించడానికి ఏడాదిన్నర పట్టొచ్చు" అంది.

ఊళ్ళోకి వచ్చి, ఇది లోకంలో ఎవరికీ లేని జబ్బని, నన్ను చూడడానికి మద్రాసు నుంచి డాక్టర్లు వస్తున్నారని చెప్పాను. ఎవరూ రాలేదు. పక్క గదిలోంచి చదువుకునే డాక్టరు పిల్ల ఒకతె వచ్చి, నా వీపుకి గొట్టం ఆనించి విని వెళ్ళింది. అంతే.

మాత్రలు మూడు రకాలు. వాటి పుణ్యమా అని ఒంటేలు నారింజ రంగులో వచ్చేది, పంచెలు పాడయ్యేవి. చేపల పులుసు నోట్లో పెట్టుకుంటే తుప్పు నాకినట్టు ఉండేది. వీటితో పాటు మొదటి నాలుగు నెలలు వారానికి మూడు ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షను గురించి డాక్టరమ్మ మా ఆవిడ ముందే చెప్పింది. "ఇది కొందరికి చెవుల మీద దెబ్బ కొడుతుంది. హోరు వచ్చినా, మాట సరిగా వినపడకపోయినా వెంటనే చెప్పండి, ఆపేస్తాను. పోయిన వినికిడి మళ్ళీ రాదు."

నేను తల ఊపాను.

రెండో నెలకి దగ్గు తగ్గింది. రోజూ పొద్దున పెరట్లో నీళ్ళ తొట్టిలో తల ముంచి అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

"ఏందయ్యా, బర్రెగొడ్డు మాదిరి తొట్లో మూతి పెట్టినావు?" అనేది మా ఆవిడ.

"ఊపిరి కొలుస్తుండా."

"ఆ నీళ్ళు గిన్నెలు కడిగేదానికి పట్టినా. నీ మీసాలు నానేసేదానికి కాదు."

మూడో నెలలో నలభై దాకా ఆపగలిగాను. తమ్ముడితో నూరు అన్నాను. వాడు నవ్వి, "వేట తెరిచే నాటికి రెడీగా ఉండన్నా" అన్నాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రం మూసి ఉంచుతారు. అది తెరుచుకోవడానికి ఇంకా కొన్నాళ్ళే ఉంది.

ఆ వారంలోనే కుడి చెవిలో ఇలకోడి దూరినట్టు ఒకటే రొద. నాలుగు రోజులకి ఎడమ చెవిలోనూ మొదలైంది. అదేమిటో నాకు తెలియక కాదు. డాక్టరమ్మ మాట నోటికి వచ్చు. చెబితే ఇంజెక్షను ఆపేస్తుంది, దగ్గు తిరగబెడుతుంది, తమ్ముడి పడవ నేను లేకుండా పోతుంది. చెవులు మా నాయన ఇచ్చినవి, ఇనప చెవులు, తట్టుకుంటాయిలే అనుకున్నాను. ముందు ఊపిరి దక్కనీ అనుకున్నాను.

వినికిడి పరీక్షకి రమ్మన్నారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కాలి. అద్దానికి అవతల ఒక అమ్మాయి మిషను ముందు కూర్చుని ఉంది. మొదటి రెండు మూడు చప్పుళ్ళు వినపడ్డాయి. తర్వాత ఇలకోడి తప్ప ఏమీ లేదు. కానీ ఆ పిల్ల మిషను నొక్కినప్పుడల్లా ఆమె చేతి గాజులు ముంజేతి మీదికి జారుతున్నాయి. నీటి మీద మడత చూసి కింద ఏముందో పోల్చుకోవడం అలవాటైన కళ్ళు నావి. గాజు జారినప్పుడల్లా నొక్కాను. నమ్మకం కుదరడానికి మధ్యలో ఒకటి రెండు కావాలని వదిలేశాను.

"ఈ వయసులో ఇంత బాగా ఎవరికీ వినపడదు తాతా" అంది ఆ అమ్మాయి. ఆ మాట కూడా ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టరు దగ్గరనుంచి పక్క సీటు వాళ్ళ వరకూ అందరికీ ఆ సంగతి చెప్పాను. మా ఆవిడ కిటికీ వైపు నుంచి ఏదో అడిగింది. వినపడలేదు. "అట్టనేలే" అన్నాను. ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. అడిగింది ఏమిటో ఇప్పటికీ చెప్పలేదు.

నాలుగు నెలల ఇంజెక్షన్లూ పూర్తి చేశాను. కళ్ళెలో క్రిమి కనపడడం మానేసింది. వేట తెరిచారు.

మొదటి రోజు తల ముంచాను, ఏమీ వినపడలేదు. పైకి లేచి తూర్పు పక్క చెయ్యి చూపించాను. వల నిండా జెల్లీ చేపలు. వాటిని దులుపుకోవడానికే పూట పట్టింది, అందరి చేతుల మీదా దద్దుర్లు తేలాయి. మర్నాడు దక్షిణం చూపించాను. ఖాళీ వల వచ్చింది.

మూడోనాడు మునిగాను. దగ్గు రాలేదు. నలభై దాటింది, యాభై దాటింది. జబ్బు పడ్డాక అంతసేపు మునిగింది అదే మొదలు. ఊపిరి అలా నిలిచే ఉంది, చెవుల్లో రొద తప్ప సముద్రం లేదు. పైకి లేచాను.

"ఏ పక్కన్నా?" తమ్ముడి పెదవులు.

"వినపడలేదురా. చెవులు పోయినాయి. ఇంజెక్షనుకి పోయినాయి. పోతుండాయని నాకు ముందే తెలుసు. చెప్పలా."

వాడు చొక్కా విప్పి నా పక్కన నీళ్ళలోకి దిగి తల ముంచాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ పని చేయగా నేను చూడలేదు. పైకి వచ్చి, మొహం తుడుచుకుని, నా భుజం పట్టుకుని చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అన్నాడు.

"నాకూ ఏం వినపడలేదన్నా."

నన్ను రెట్ట పట్టి పడవలోకి లాగాడు. ఇంజను వేసిన సంగతి పాదాల కింద చెక్క అదిరితే తెలిసింది. ఆ రోజు వల వెయ్యలేదు.